మిల్లు మూసేశారు – ఇప్పుడేం చేద్దాం?



మా చిన్నాన్న వాళ్ళ ఊళ్ళో గడియారంతో పని లేదు. జూట్ మిల్లు కూత వింటే టైము ఎంతో తెలిసిపోయేది. తెల్లారి షిఫ్టుకు ఒక కూత. మధ్యాహ్నం షిఫ్టుకు ఒక కూత. రాత్రి షిఫ్టుకు ఇంకో కూత.

నాలుగేళ్ళ క్రితం ఒకరోజు కూత వినబడలేదు. గేటుకి తాళం వేసి ఉంది. గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది.

చిన్నాన్న ఇంటికి వచ్చి అరుగు మీద కూలబడ్డారు.

"ఏటయ్యింది?" అని పిన్ని అడిగింది.

"మిల్లు మూసీసినారు. ఇరవై రెండేళ్ళు మగ్గం తప్ప మరోటి తెల్దు నాకు. ఇప్పుడేటి సేసీది?"

ఈ పాఠం ఆ ప్రశ్న గురించే. ఇలాంటి రోజు ఎవరింటికైనా రావచ్చు. మిల్లు కావచ్చు, ఫ్యాక్టరీ కావచ్చు, దుకాణంలో గుమాస్తా పని కావచ్చు. పని పోయినప్పుడు ముందు ఏం చెయ్యాలి, తర్వాత ఏం చెయ్యాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

మన తప్పు కాదు

చాలామంది పని పోతే సిగ్గుపడతారు. నలుగురిలోకి రారు. కానీ ఆలోచించండి. మిల్లు మూతపడడానికి మగ్గం నడిపే మనిషి కారణమా?

ఉమ్మడి విజయనగరం జిల్లాలో నెల్లిమర్ల, బొబ్బిలి, సాలూరు ప్రాంతాల్లో జూట్ మిల్లులు నడిచాయి. గోగునార, జనపనార వడికి, నేసి గోనెసంచులు చేయడం వాటి పని. తర్వాత ప్లాస్టిక్ సంచి వచ్చింది. అది చవక, తేలిక. గోనెసంచికి గిరాకీ తగ్గింది. జూట్‌ను కాపాడడానికి 1987లో కేంద్ర ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ధాన్యం, పంచదార వంటి సరుకులను జూట్ సంచుల్లో నింపాలని ఆ చట్టం కింద ఆదేశాలు ఇస్తారు. అయినా మిల్లులకు కష్టాలు తప్పలేదు.

నెల్లిమర్ల మిల్లు ఒకటి కంటే ఎక్కువసార్లు లాకౌట్ చూసింది. 1994లో అక్కడ కార్మికుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. ప్రాణాలు పోయాయి. భీమిలి దగ్గర చిట్టివలస మిల్లు 2009లో ఆగిపోయింది. మన పక్క దేశం బంగ్లాదేశ్‌లో ఆదంజీ జూట్ మిల్లు ఉండేది. ప్రపంచంలోనే పెద్ద జూట్ మిల్లు అని దానికి పేరు. అది కూడా 2002లో మూతపడింది. వేల మంది పని పోయింది.

కాబట్టి తల దించుకోనక్కర లేదు. మనలాంటి వాళ్ళు చాలామంది ఉన్నారు. దిగులు పడితే పడండి. కానీ వారం తిరక్కుండా కాగితం, పెన్సిలు చేతిలోకి తీసుకోండి.

గోడ మీది కాగితం ఏమంటోంది?

ముందు నోటీసు చదవాలి. అన్ని నోటీసులూ ఒకటి కాదు. మూడు మాటలు గుర్తుపెట్టుకోండి.

లేఆఫ్: ముడిసరుకు లేకనో, కరెంటు లేకనో కొన్నాళ్ళు పని ఇవ్వలేమని చెప్పడం. ఉద్యోగం ఉంటుంది. అర్హత ఉన్న కార్మికులకు సగం జీతం రావాలి.

లాకౌట్: యజమాని గేటు మూసేయడం. ఇది ఉద్యోగంలోంచి తీసేయడం కాదు. మన పేరు రిజిస్టరులో ఉంటుంది.

మూసివేత: మిల్లును పూర్తిగా ఆపేయడం. అప్పుడు పరిహారం, గ్రాట్యుటీ, పీఎఫ్ లెక్కలు తేల్చాలి.

నోటీసును ఉన్నది ఉన్నట్టు నోటు పుస్తకంలో రాసుకోండి. తేదీ కూడా రాసుకోండి. ఫోను ఉంటే ఫొటో తీసుకోండి. కాగితం గాలికి ఎగిరిపోవచ్చు, వానకు తడిసిపోవచ్చు. మన దగ్గర నకలు ఉండాలి.

రావలసింది ఎంత?

గ్రాట్యుటీ అంటే ఏమిటి? చాలా ఏళ్ళు పనిచేసినందుకు యజమాని ఇవ్వవలసిన సొమ్ము. అది దానం కాదు, హక్కు. 1972లో దీనికి చట్టం వచ్చింది. 2025 నవంబరులో కొత్త కార్మిక చట్టాలు అమలులోకి వచ్చినా 15 రోజుల లెక్క అలాగే ఉంది. మామూలుగా 5 ఏళ్ళు సర్వీసు నిండిన వారికి వస్తుంది.

లెక్క ఇలా కట్టాలి. మూలవేతనం, కరువు భత్యం కలిపి నెల జీతాన్ని 26తో భాగించాలి. అది ఒక రోజు జీతం. దాన్ని 15తో గుణించాలి. మళ్ళీ ఎన్ని సంవత్సరాలు పనిచేశామో అంతతో గుణించాలి.

చిన్నాన్న జీతం నెలకు రూ. 10,400.

10,400 ÷ 26 = 400. ఇది ఒక రోజు జీతం.
400 × 15 = 6,000. ఇది ఒక సంవత్సరం సర్వీసుకు.
6,000 × 22 = 1,32,000. ఇది 22 సంవత్సరాలకు.

మిల్లు నిజంగా మూతపడితే పరిహారం కూడా ఉంటుంది. సాధారణంగా దానికి కూడా ఏడాదికి 15 రోజుల సగటు జీతమే లెక్క. అది గ్రాట్యుటీకి వేరు. పీఎఫ్ ఇంకా వేరు. పీఎఫ్‌లో పింఛను భాగం ఉంటుంది. 10 ఏళ్ళు సర్వీసు ఉంటే 58 ఏళ్ళు నిండాక నెల నెలా పింఛను వస్తుంది. కాబట్టి ఎవరో చెప్పారని మొత్తం ఒకేసారి తీసేయాలని తొందరపడకండి. పీఎఫ్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

వేలిముద్ర వేసే ముందు

అప్పటికి నా టీచరు ట్రైనింగు కొత్తగా పూర్తయింది. సాయంత్రం పూట వాళ్ళ వీధిలో చదువుల కేంద్రం నడిపేదాన్ని. పిన్ని అక్కడే అక్షరాలు దిద్దింది. అంకెలు బాగా పట్టుకుంది.

ఒకరోజు చిన్నాన్న చేతిలో ఒక కాగితం పెట్టారు. "సంతకం సేసి ఇచ్చీమన్నారు. అందరూ ఇచ్చీసినారు," అన్నారు.

పిన్ని ఆ కాగితం దీపం దగ్గరకు తీసుకెళ్ళింది. వేలు పెట్టి మెల్లగా చదివింది. ఒక చోట ఆగింది.

"ఇక్కడ 17 అని ఉంది. నువ్వు ఇరవై రెండేళ్ళు అంటావు కదా?"

చిన్నాన్న మొదటి 5 ఏళ్ళు బదిలీ కార్మికుడిగా పనిచేశారు. ఆ ఏళ్ళు కాగితంలో లేవు. 5 ఏళ్ళంటే ఎంత? 6,000 × 5 = 30,000 రూపాయలు. అదే కాగితం కింద ఇంకో మాట ఉంది: "ఇక నాకు రావలసినది ఏమీ లేదు."

ఆ రాత్రి ఇంట్లో గొడవ అయింది. "ఇచ్చినది తీసుకుందాం. గొడవ పడితే అదీ రాదు," అని చిన్నాన్న. "చదవడం వచ్చాక కూడా కళ్ళు మూసుకొని ముద్ర వెయ్యాలా?" అని పిన్ని. చివరికి సంతకం పెట్టలేదు.

సంఘం నాయకులతో కలిసి కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్ళారు. బదిలీ కార్మికుడైనా ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే ఆ ఏడాది సర్వీసులో కలవాలని అక్కడ చెప్పారు. మరి రుజువు? ట్రంకు పెట్టె అంతా వెతికారు. 3 ఏళ్ళ జీతం చీటీలు దొరికాయి. 2 ఏళ్ళవి చెదలు తినేశాయి. 3 ఏళ్ళే కలిశాయి. మొత్తం 20 సంవత్సరాలు. 6,000 × 20 = 1,20,000 రూపాయలు.

గ్రాట్యుటీ 30 రోజుల్లో ఇవ్వాలని నియమం. చిన్నాన్నకు రావడానికి 7 నెలలు పట్టింది. ఆ 7 నెలలూ ఆయన లారీలకు బస్తాలు మోశారు. మూసివేత పరిహారం ఇంకా తేలలేదు. అది వస్తుందని నమ్మి ఒక్క రూపాయి కూడా అప్పు చేయలేదు.

ఇందులో నేర్చుకోవలసింది ఏమిటి? జీతం చీటీ, గుర్తింపు కార్డు, పీఎఫ్ నంబరు భద్రంగా దాచుకోవాలి. చదవకుండా సంతకం పెట్టకూడదు. ఖాళీ కాగితం మీద అసలే పెట్టకూడదు.

వచ్చిన డబ్బుకు గిరులు గియ్యండి

లక్షా ఇరవై వేలు! చిన్నాన్న అంత సొమ్ము ఒకేసారి ఎప్పుడూ చూడలేదు. ఇంటికి చుట్టాలు వచ్చారు. ఒకరు స్థలం కొనమన్నారు. ఒకరు రూ. 2 వడ్డీకి తిప్పమన్నారు. విదేశంలో ఉద్యోగం ఇప్పిస్తానని ఒక ఏజెంటు కూడా వచ్చాడు. పని పోయిన ఇంటికి పని రాదు గానీ సలహాలు బాగా వస్తాయి.

పిన్ని నోటు పుస్తకంలో నాలుగు గళ్ళు గీసింది.

అప్పు తీర్చడానికి: రూ. 30,000
ఇంటి ఖర్చుకు, నెలకు 7,500 చొప్పున 4 నెలలకు: రూ. 30,000
బ్యాంకులో కదపకుండా: రూ. 40,000
కొత్త పనికి: రూ. 20,000
మొత్తం: రూ. 1,20,000

ముందు అప్పు ఎందుకు తీర్చాలి? ఆ 30,000 రూ. 3 వడ్డీకి తెచ్చినది. అంటే నూటికి నెలకు 3 రూపాయలు. నెలకు వడ్డీ 900. ఏడాదికి 10,800. ఏ బ్యాంకూ మన డబ్బుకు అంత వడ్డీ ఇవ్వదు. అలాంటి అప్పు తీర్చడమే మొదటి లాభం.

ఇంటి ఖర్చు ఎందుకు పక్కన పెట్టాలి? కొత్త పని మొదటి రోజు నుంచీ కూడు పెట్టదు. పెట్టుబడిలోంచి బియ్యం కొంటే పెట్టుబడి అయిపోతుంది.

ఆటో కొందామా?

ఆ వీధిలో మిల్లు పోయిన వాళ్ళు చాలామంది ఆటోలు కొన్నారు. చిన్నాన్నకు కూడా అదే ఆశ. "ఆటో అయితే రోజూ డబ్బులు కనిపిస్తాయి పాపా," అన్నారు నాతో.

సరే, లెక్క వేశాం. స్టాండులో ఉన్న వాళ్ళనే అడిగాం. చేతినుంచి రూ. 80,000 కట్టాలి. మిగతాది వాయిదాలు, నెలకు రూ. 6,500. రోజుకు వచ్చేది రూ. 700. అందులో డీజిలు రూ. 250. మిగిలేది రూ. 450. నెలకు 25 రోజులు తిరిగితే:

450 × 25 = 11,250
వాయిదా తీసేస్తే: 11,250 – 6,500 = 4,750
రిపేర్లు, ఇన్సూరెన్సు కింద రూ. 1,500 తీసేస్తే: 3,250

నెలంతా తిరిగితే మిగిలేది 3,250. పైగా ఆ స్టాండులో అప్పటికే 14 ఆటోలు ఉన్నాయి. ఎక్కే జనం అంతే, ఆటోలు మాత్రం పెరిగాయి. మిల్లు జీతాలు లేక జనం నడిచి వెళ్తున్నారు కూడా.

ఆటో చెడ్డ పని అని కాదు. వేరే ఊళ్ళో లెక్క వేరుగా ఉండవచ్చు. పక్కవాడు కొన్నాడని మాత్రం మనం కొనకూడదు. మన లెక్క మనం వేసుకోవాలి.

మన చేతికి ఏం వచ్చు?

"నాకేటీ రాదు" అని చిన్నాన్న అనేవారు. "అయితే రాద్దాం" అన్నాను. గంట సేపు కూర్చున్నాం.

చిన్నాన్నకు వచ్చినవి: గోనె పట్టుకుంటే నార మంచిదో పుచ్చిందో చెప్పగలరు. ఏ సంచి ఎంత బరువు ఆపుతుందో తెలుసు. తెగిన నేత అతకగలరు. చిన్న యంత్రాలు బాగు చేయగలరు.

పిన్నికి వచ్చినవి: తాను కూడా మిల్లులో సంచులు కుట్టింది. దబ్బనం, పురికొస ఆమె చేతిలో ఆడుతాయి. డ్వాక్రా సంఘంలో సభ్యురాలు. ఇప్పుడు లెక్క రాయడం కూడా వచ్చు.

మన ప్రాంతానికి కావలసింది ఏమిటి? ఇక్కడ వరి పండుతుంది. కోతలు అయ్యాక ధాన్యం నింపడానికి సంచుల కోసం రైతులు తిరుగుతారు. మొక్కజొన్నకు సంచులు కావాలి. పలాస వైపు జీడిపిక్కలకు సంచులు కావాలి. చిరిగిన పాత గోనెలు మాత్రం మూలల్లో పడి ఉంటాయి.

రెండు చిట్టాలు పక్కపక్కన పెట్టాం. పని అక్కడే కనిపించింది: పాత గోనెలు కొని, బాగు చేసి, అమ్మడం.

ముందు అడగండి

వెంటనే డబ్బు పెట్టలేదు. ముందు ముగ్గురిని అడిగాం. రైసు మిల్లు గుమాస్తాను, ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గర ఒక రైతును, సంతలో పాత గోనెల వ్యాపారిని. అడిగిన ప్రశ్నలు ఇవి:

ఏడాదిలో ఏ నెలల్లో సంచులు కావాలి?
బాగు చేసిన సంచికి ఎంత ఇస్తారు?
చేతిలో డబ్బు ఇస్తారా, అరువా?
ఇప్పుడు ఎవరి దగ్గర కొంటున్నారు?

నాలుగో ప్రశ్న మరచిపోకండి. ఇప్పటికే అమ్ముతున్నవాడిని కాదని మన దగ్గరకు ఎందుకు వస్తారు? దానికి జవాబు ఉండాలి.

వంద సంచులతో పరీక్ష

మొదట వంద సంచులే కొన్నారు.

చిరిగిన సంచి: రూ. 9
పురికొస: రూ. 1
బండి కిరాయి: రూ. 2
ఒక సంచికి ఖర్చు: రూ. 12
వంద సంచులకు: రూ. 1,200

రెండు రోజులు ఇద్దరూ కుట్టారు. 15 సంచులు లోపల తడిసి పుచ్చిపోయాయి. పనికిరాలేదు. 85 సంచులు 20 చొప్పున అమ్మారు. వచ్చింది రూ. 1,700. మిగిలింది 500.

"ఇద్దరికి రెండు రోజులకు ఐదొందలా! ఇది కూలి కూడా కాదు," అని చిన్నాన్న నిట్టూర్చారు.

నిజమే. కానీ వంద సంచులతో తెలిసింది కాబట్టి సరిపోయింది. వెయ్యి సంచులు కొని ఉంటే? చిన్న పరీక్ష అందుకే. తప్పు చిన్నదిగా ఉన్నప్పుడే తెలిసిపోవాలి.

తప్పు ఎక్కడ జరిగింది? కొనేటప్పుడు కట్ట విప్పి చూడలేదు. రెండోసారి ప్రతి సంచినీ రెండు చేతులతో లాగి చూశారు. నార పొడిలా రాలితే పక్కన పడేశారు. 200 సంచులు కొంటే 6 మాత్రమే పాడయ్యాయి. ఖర్చు 2,400. 194 సంచులకు వచ్చింది 3,880. మిగిలింది 1,480. మూడు రోజుల పని. ఒక మనిషికి రోజుకు సుమారు 246 రూపాయలు.

మూడోసారి ఇంకో పాఠం. 40 సంచులు అరువు ఇచ్చారు. ఆ 800 రూపాయలు సంక్రాంతి దాటేదాకా రాలేదు. అప్పటి నుంచి పిన్ని ఒక నియమం పెట్టింది: తెలిసినవాళ్ళకైనా సగం డబ్బు ముందు ఇవ్వాలి.

ఏడాది పొడవునా పని ఉందా?

మనకు నెల జీతం అలవాటు. వ్యాపారానికి నెలలన్నీ ఒకలా ఉండవు. కాబట్టి 12 నెలలూ రాసి చూడాలి.

నవంబరు నుంచి జనవరి దాకా ధాన్యం. సంచులకు మంచి గిరాకీ. ఏప్రిల్, మే నెలల్లో మొక్కజొన్న, జీడిపిక్కలు. వానాకాలంలో గోనె పని దాదాపు ఉండదు. గోనె తడిస్తే పుచ్చిపోతుంది కూడా.

ఆ ఖాళీ నెలలకు పిన్ని కుట్టుమిషను మీద గుడ్డ సంచులు కుడుతుంది. చిన్నాన్న మిషన్లు బాగు చేయడానికి వెళ్తారు, లేకపోతే పొలం పనికి వెళ్తారు. మంచి నెలల్లో వచ్చిన దాంట్లో కొంత వానాకాలానికి దాస్తారు. చీమ చేసే పనే ఇది.

సాయం ఎక్కడ దొరుకుతుంది?

శిక్షణకు: బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉన్నాయి. కుట్టుపని, రిపేరు పని, పశువుల పెంపకం వంటివి ఉచితంగా నేర్పుతారు. భోజనం, వసతి కూడా ఉంటాయి. వయసు నిబంధన ఉంటుంది, ముందే అడగండి.

అప్పుకు: డ్వాక్రా సంఘం ద్వారా బ్యాంకు అప్పు దొరుకుతుంది. 2015లో ముద్ర పథకం వచ్చింది. అందులో 'శిశు' అనే రకం కింద రూ. 50,000 దాకా తాకట్టు లేకుండా అప్పు ఇస్తారు. బ్యాంకుకు నేరుగా వెళ్ళండి. "నేను ఇప్పిస్తాను, కమీషను ఇవ్వు" అనేవాడిని నమ్మకండి.

సలహాకు: జిల్లా పరిశ్రమల కేంద్రం ఉంది. అక్కడ ఏ పథకం ఇప్పుడు నడుస్తోందో చెబుతారు. పథకాలు మారుతూ ఉంటాయి. కిందటేడు విన్నది ఈ ఏడు ఉండకపోవచ్చు.

అప్పు మాత్రం చివరి మెట్టు. ముందు పరీక్ష, తర్వాత లెక్క, ఆ తర్వాతే అప్పు.

ఇప్పుడు చిన్నాన్న ఇల్లు

మిల్లు జీతం అంత సంపాదిస్తున్నారా? లేదు. అన్ని నెలలూ సంపాదించడం లేదు. కోతల నెలల్లో దానికి దగ్గరగా వస్తుంది. వానాకాలంలో చేతులు బిగపట్టుకోవాలి. రాత్రి షిఫ్టు కూత కోసం చిన్నాన్న ఇప్పటికీ చెవి పెడతారని పిన్ని చెబుతుంది.

కానీ రూ. 3 వడ్డీ అప్పు లేదు. బ్యాంకులో నలభై వేలు కదలలేదు. పిల్లవాడి చదువు ఆగలేదు. రోజూ రాత్రి పిన్ని పుస్తకం తీస్తుంది. కొన్నది ఎంత, అమ్మింది ఎంత, మిగిలింది ఎంత, మూడు గళ్ళలో రాస్తుంది. చిన్నాన్న పక్కన కూర్చుని పైకి చదువుతారు.

మొన్న అడిగాను, "ఏం చిన్నాన్నా, ఎలా ఉంది?" అని.

"మిల్లులో మా లెక్క ఆళ్ళు రాసీవారు పాపా. ఇప్పుడు మా లెక్క మేమే రాసుకుంటన్నాం," అన్నారు.

మీ నోటు పుస్తకంలో రాయండి

1. మీ ఇంటికి నెలకు ఎంత ఖర్చు అవుతుంది? ఒక్కొక్కటి రాసి కూడండి.
2. మీకు చేతికి వచ్చిన పనులు ఐదు రాయండి.
3. మీ ఊళ్ళో దొరకక జనం ఇబ్బంది పడే వస్తువు లేదా పని ఏమిటి?
4. ఒకరి నెల జీతం రూ. 7,800. ఆమె 12 ఏళ్ళు పనిచేసింది. గ్రాట్యుటీ ఎంత రావాలి?

నాలుగో లెక్కకు జవాబు 54,000 రూపాయలు. మీకూ అదే వచ్చిందా? వస్తే, రేపు మీ ముందు ఎవరు కాగితం పెట్టినా మీరు చదివి, లెక్క చూసి, ఆ తర్వాతే సంతకం చేయగలరు.